ఎఱ్ఱమేడ వెనుకటి పట్టుశాల

చీనా వాఙ్మయమునకు మకుటాయమానమైన ‘ఎఱ్ఱమేడ కల’ నవలను పఠించువారు జియా వంశీయుల జంట మహాసౌధములను జూచి అబ్బురపడుదురు, బావోయూ డాయ్‌యూల విఫలప్రణయమునకు కన్నీరు విడుతురు. కాని ఆ వైభవమునకును ఆ పతనమునకును మూలము నాన్‌కింగు నగరములోని ఒక రాచపట్టుశాల లెక్కలలో నున్నదని తలంచువారు తక్కువ.

గ్రంథకర్తయగు త్సావ్ షూచిన్ ముత్తాత త్సావ్ షీ 1663లో ఆ పట్టుశాలకు అధికారియయ్యెను. అంతఃపురమునకు వలయు పట్టువస్త్రములను నేయించి పెకింగునకు పంపుట ఆ యుద్యోగధర్మము. లోకము కంటికి మహాప్రభువులై వెలసిన యీ త్సావులు శాసనము కంటికి మాంచూ రాజకుటుంబమునకు వంశపారంపర్యముగ కట్టువడిన దాసులు! దాసులగుటచేతనే వారు చక్రవర్తికి ఆంతరంగికులైరి. త్సావ్ షీ భార్య, తరువాత చక్రవర్తియైన కాంగ్‌షీకి బాల్యమున దాదిగా నుండెను. వారి కుమారుడు త్సావ్ యిన్ స్వయముగ కవి, గ్రంథప్రియుడు. 1705లో చక్రవర్తి యానతిని శిరసావహించి, దాదాపు 49 వేల పద్యములుగల థాంగ్‌యుగ కవితాసర్వస్వమును యాంగ్‌చౌలో పరిష్కరింపించిన రసజ్ఞుడు. ఆ చేతితోనే బియ్యపు ధరలను, వర్షపాతమును తెలుపు రహస్యలేఖలను ప్రభువునకు వ్రాయుచుండెను.

కాంగ్‌షీ ఆఱుమాఱులు దక్షిణయాత్ర చేసెను. అందు 1699, 1703, 1705, 1707 సంవత్సరముల నాలుగు యాత్రలలో ఆతిథ్యభారము త్సావ్ యిన్ మీద పడెను. సార్వభౌముడు సపరివారముగ తన యింట విడియుటకంటె దాసునకు వేఱు గౌరవమేమి? అంతకంటె వేఱు వినాశమేమి? పట్టుశాల సొమ్మునకును, ఉప్పుపన్నుల పాలనలో తన చేతిమీదుగ సాగు ధనమునకును తీరని లోటేర్పడెను. ఈ సంగతి చక్రవర్తి యెఱుగకపోలేదు. తనకొఱకైన వ్యయమే గదా యని సహించెను గాబోలు. 1712లో త్సావ్ యిన్ చలిజ్వరముతో మంచమెక్కగా, కాంగ్‌షీ క్వినైనాను తపాలాగుఱ్ఱములపై పరుగున పంపెను; ఔషధము చేరులోపలనే ఆయన కన్నుమూసెను. అప్పులు మాత్రము బ్రదికియుండెను.

1722లో కాంగ్‌షీ గతించి, లెక్కలయెడ కఠినుడగు యుంగ్‌చెంగ్ సింహాసనమెక్కిన పిమ్మట దాక్షిణ్యమునకు తావు లేకపోయెను. 1728 తొలిదినములలో కుటుంబము ఆస్తి జప్తు కాగా, ఇండ్లు, పొలములు గాక, అధికారుల కంటబడిన వానిలో తాకట్టు చీటీలు కలవట! నవలలోను, పైకి వైభవము తఱుగని దినములలోనే, జియా వంశపు అవ్వగారి వస్తువులను రహస్యముగ కుదువబెట్టించు ఘట్టమున్నది. రాజపత్నియైన జియావారి ఆడుబిడ్డ యువాన్‌చున్ ఒక్కపూట పుట్టింటికి వచ్చుటకై మహోద్యానమునే నిర్మించి ఇల్లు గుల్ల చేసికొనిన కథ యేది చూచి వ్రాయబడినదో చెప్పనక్కఱలేదు.

కుటుంబము పెకింగునకు తరలునాటికి షూచిన్ పసివాడు. పెద్దయైన పిదప నగరమునకు పడమట దారిద్ర్యమున నవలను వ్రాసి, సవరించి, ముగింపకయే 1763 ప్రాంతమున మరణించెను. ఎనుబది అధ్యాయములు వ్రాతప్రతులుగ చేతులు మాఱినవి. 1791లో చంగ్ వెయ్‌యువాన్, గావ్ అ అనువారు మఱి నలుబది అధ్యాయములను చేర్చి అచ్చువేసిరి. ఆ తుదిభాగమున చక్రవర్తి కరుణించి జియా వంశమునకు బిరుదమును, ఆస్తిని మరల నొసగును. కథ యింపుగనే యున్నది. కాని నాన్‌కింగు పట్టుశాల మాత్రము త్సావుల కెన్నడును తిరిగి దక్కలేదు.