బోదకాలు వ్యాధి: శ్రీకాకుళం తీరంలో వ్యాప్తి, గణన

కణజాలంలో మిగిలిన ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నని శోషరస నాళాల్లో ఫైలేరియా పురుగులు స్థిరపడి, వాటిని దెబ్బతీయడం వల్ల వచ్చే వ్యాధి బోదకాలు. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం అనగానే నేడు మూత్రపిండాల వ్యాధి గుర్తుకు వస్తుంది గాని, భావనపాడు, టెక్కలి, పలాస ప్రాంతాలున్న ఆ జిల్లాకు బోదకాలు కూడా చిరకాలంగా తెలిసినదే.

పాత నీరు నిలిచి ఉండే ప్రదేశాల్లో ఈ వ్యాధి ఎక్కువగా పుడుతుందని శ్లీపదం పేరుతో సుశ్రుత సంహిత ఏనాడో గుర్తించింది. 1872లో కలకత్తాలో టిమోతీ లూయిస్ రోగుల రక్తంలో పురుగు పిల్లలను చూడగా, 1877లో చైనాలో ప్యాట్రిక్ మాన్సన్ అవి దోమలో పెరుగుతాయని కనుగొన్నాడు. మన తీరంలో ఈ వ్యాధిని ఒకరి నుంచి ఒకరికి చేర్చేది మురుగునీటిలో గుడ్లు పెట్టే క్యూలెక్స్ దోమ.

వాచిన కాళ్లను లెక్కపెడితే వ్యాధి ఎంత ఉందో తేలుతుందనుకోవడం పొరపాటు. చాలామందికి పురుగు చిన్నతనంలోనే సోకినా, వాపు పెద్దయ్యాకే బయటపడుతుంది; పురుగు పిల్లలు రక్తంలో తిరుగుతున్నా ఏ బాధా తెలియనివారు ఎందరో ఉంటారు. మగవారిలో ఇది తరచు వరిబీజంగా కనిపిస్తుంది. సిగ్గుతో దాన్ని దాచుకునేవారూ, పెళ్లి సంబంధం చెడుతుందని ఆడపిల్ల కాలివాపును బయటపెట్టని ఇళ్లూ ఉన్నందున లెక్క ఎప్పుడూ తక్కువగానే తేలుతుంది. పురుగు పిల్లలు పైరక్తంలోకి రాత్రిపూటే వస్తాయి గనుక, ఆరోగ్య సిబ్బంది పొద్దుపోయాక ఇంటింటికీ వెళ్లి, వేలికొన గుచ్చి, గాజు పలకపై నెత్తురు చుక్క పూసుకుపోయే పద్ధతి వచ్చింది. ఇటీవలి సర్వేలు ఆరేడేళ్ల పిల్లలను పరీక్షిస్తాయి. వారిలో పురుగు జాడ ఉంటే, వ్యాప్తి ఈ మధ్య కూడా సాగిందని అర్థం.

ఈ వ్యాధికి నేటికీ ప్రధాన ఔషధమైన డైఇథైల్ కార్బమజైన్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన 1947లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో వెలువడింది. తెలుగువారు గర్వించదగిన విషయమిది. భారత ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని, 2004లో ఏడాదికొకసారి అందరికీ మందు మింగించే కార్యక్రమాన్ని చేపట్టింది. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవారికి ఈ మందు ఇవ్వరు. నిర్మూలనకు ప్రస్తుత గడువు 2027. వ్యాప్తి ఆగిన ఊళ్లోనూ వాచిన కాలు మునుపటిలా కాదు కాబట్టి, రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తుడిచి, పుండ్లు పడకుండా చూసుకోవడం బాధితులకు జీవితాంతం అవసరం.