కాలి పుండుకు కట్టు

చెప్పుల్లేకుండా మంగళగిరి కొండమెట్లెక్కి, పానకాలస్వామిని చూసొచ్చిన ముత్తవ్వగారి అరికాల్లో పుండు. "నొప్పేం లేదే" అంటారావిడ. చక్కెరజబ్బులో ఆ నొప్పి తెలియకపోవడమే ముప్పండీ!

పాత నేతచీర చింపి కట్టడం మన ఇళ్ళలో వాడుకే. సుశ్రుతుడు తేనె, నెయ్యి చెప్పాడు. తర్వాత గాజుగుడ్డ వచ్చింది. పుండు ఎండితేనే మానుతుందనుకున్నారు. కాదు, తడి ఆరకుండా కప్పిన గాయమే త్వరగా పూడుతుందని 1962లో జార్జి వింటర్ పందిపిల్లల మీద చూపించారు.

మరి మంచి కట్టు వేసినా మానదేం? 1946లో రాయవేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, స్పర్శపోయిన కుష్ఠురోగుల పాదాలు చూసి కారణం పట్టారు: నొప్పి తెలియక పుండుమీదే నడుస్తున్నారు! పిండికట్టు వేసి, పుండుమీద బరువు తప్పించారు. 1966లో ఆయన అమెరికా వెళ్ళాక అదే పద్ధతి మధుమేహం వాళ్ళకీ అందింది. పాదానికి రక్తం సరిగా అందుతోందని వైద్యులు చూశాకే వేస్తారు లెండి.

ఈ పూట ముత్తవ్వగారి చెప్పులో చెయ్యిపెట్టి తడమండి, మేకేమైనా తగులుతుందేమో.