టర్బో ఈల వేస్తోందా, ఏడుస్తోందా? సెకండ్ హ్యాండ్ కారు కూత వెనక 120 ఏళ్ల కథ

ఒక సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు చూడ్డానికి వెళ్లారనుకోండి. బాడీ తళతళలాడుతోంది, సీటు కవర్లు కొత్తవి, రేటు కూడా మీ బడ్జెట్‌లోనే ఉంది. టెస్ట్ డ్రైవ్‌లో యాక్సిలరేటర్ తొక్కగానే బానెట్ కింద నుంచి "కూఊఊ" అని సన్నగా ఒక కూత. పక్కన కూర్చున్న ఓనరు నవ్వుతూ, "టర్బో అండీ, అలాగే ఉంటుంది" అంటాడు.

నిజంగా అలాగే ఉంటుందా? దీనికి జవాబు తెలియకుండా డబ్బులిచ్చేస్తే వేలల్లో వదులుతాయి. ఒక్కోసారి ఇంజనే పోతుంది. అందుకే ఈరోజు ఆ కూత చరిత్ర చెప్తాను. చరిత్ర ఎందుకంటారా? టర్బో ఎలా పాడవుతుందో ఒక్కో దెబ్బా తిని ఇంజనీర్లు నేర్చుకున్నారు. ఆ దెబ్బలు తెలిస్తే, బండి దగ్గర ఏం చూడాలో మీకే అర్థమవుతుంది.

పొగలో పోయే శక్తి

ఇంజన్‌లో కాలే ఇంధనం నుంచి వచ్చే శక్తిలో పెద్ద వాటా సైలెన్సర్ గొట్టంలోంచి వేడి పొగగా బయటికి పోతుంది. స్విట్జర్లాండ్‌కి చెందిన ఆల్ఫ్రెడ్ బ్యూకి అనే ఇంజనీరుకి ఇది నచ్చలేదు. ఆ పొగతోనే ఒక చక్రం తిప్పి, ఆ బలంతో ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెడితే ఎలా ఉంటుంది అనుకున్నాడు. 1905లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు. ఐడియా సింపులే. కానీ అంత వేడికి, అంత వేగానికి తట్టుకునే లోహాలు అప్పుడు లేవు. పని సరిగ్గా కుదరడానికి 20 ఏళ్లు పట్టింది. 1925 నాటికి ఆయన పద్ధతితో డీజిల్ ఇంజన్ పవర్ 40 శాతం దాకా పెరిగింది. ముందు వాడింది ఓడల్లాంటి పెద్ద యంత్రాల్లోనే.

ఈలోపు అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు శాన్‌ఫోర్డ్ మాస్ ఇంకో పని చేశాడు. విమానం పైకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడి ఇంజన్ నీరసపడుతుంది కదా. 1918లో ఒక విమాన ఇంజన్‌ని లారీ మీద పెట్టి, కొలరాడోలోని పైక్స్ పీక్ కొండ మీదికి, అంటే 14,000 అడుగుల ఎత్తుకి తీసుకెళ్లాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజన్, టర్బో లేకుండా పైన 230 మాత్రమే ఇచ్చింది. టర్బో పెట్టాక 356 ఇచ్చింది! ఆ ఎత్తులో కూడా కింద ఇచ్చినంత పవర్ అన్నమాట.

ఇంతకీ ఆ కూత ఎక్కడిది?

టర్బోలో ఒక సన్నటి ఇరుసు ఉంటుంది. దానికి ఒక చివర పొగతో తిరిగే చక్రం, ఇంకో చివర గాలి నెట్టే చక్రం. మనింట్లో మిక్సీ ఫుల్‌లో నిమిషానికి సుమారు 20,000 సార్లు తిరుగుతుంది. చిన్న కారు టర్బో 2 లక్షల సార్లు తిరగగలదు. పది మిక్సీల వేగం!

అంత వేగంలో ఇనుముకి ఇనుము తగిలితే క్షణాల్లో అరిగిపోతుంది. అందుకే ఎక్కువ టర్బోల్లో ఆ ఇరుసు బేరింగ్‌కి తగలదు. మధ్యలో ఉండే పల్చటి ఇంజన్ ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. టర్బో ప్రాణం ఆ పొరలోనే ఉంది.

ఇప్పుడు చిన్న లెక్క. నిమిషానికి 1,20,000 సార్లు అంటే సెకనుకి 2,000 సార్లు. 2,000 హెర్ట్జ్ మన చెవికి బాగా వినపడే శబ్దం. చక్రం ఎంత బ్యాలెన్స్‌గా చేసినా వెంట్రుకవాసి తేడా ఉంటుంది, అందుకే బాగున్న టర్బో కూడా లైట్‌గా ఈల వేస్తుంది. బేరింగ్ అరిగి ఇరుసు ఊగడం మొదలైతే అదే ఈల సైరన్ అవుతుంది. కాబట్టి ఓనరు చెప్పింది సగం నిజం. కూత ఉండొచ్చు. ఎంత ఉంది, ఎలా ఉంది అన్నదే ప్రశ్న.

మూడు దెబ్బలు, మూడు పాఠాలు

మొదటి దెబ్బ, 1952. ఇండియానాపొలిస్ 500 రేసుకి కమిన్స్ కంపెనీ టర్బో ఉన్న డీజిల్ కారు తెచ్చింది. డీజిల్ కారేంటి, రేసేంటి అని నవ్వేవాళ్లకి షాక్ ఇస్తూ అది మొదటి స్థానం నుంచే రేసు మొదలుపెట్టింది. 200 ల్యాపుల రేసులో 71 దగ్గర ఆగిపోయింది. కారణం? ట్రాక్ మీద టైర్ల రబ్బరు ముక్కలు టర్బో గాలి పీల్చే దారిలో అడ్డుపడ్డాయి. పాఠం: టర్బోకి శుభ్రమైన గాలి కావాలి. బండి చూసేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ మూత తీయించండి. లోపల దుమ్ము గూడు కట్టి ఉంటే, ఆ టర్బో ఏం పీల్చి బతికిందో తెలిసిపోతుంది.

రెండో దెబ్బ, 1962. ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్. టర్బోతో మార్కెట్‌లోకి వచ్చిన మొట్టమొదటి కార్లలో ఒకటి. ఇంజన్‌లో పెట్రోల్ ముందే పేలకుండా నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవం ఒక ట్యాంకులో పోస్తూ ఉండాలి. చాలామంది ఓనర్లు పోయడం మర్చిపోయారు. చివరికి ఎన్నో కార్లకి టర్బోలే పీకేయాల్సి వచ్చింది. రెండేళ్లలో ఆ మోడల్ కథ ముగిసింది. పాఠం: ఓనరు శ్రద్ధ లేకపోతే ఎంత గొప్ప యంత్రమైనా నిలబడదు. అందుకే మెరిసే బాడీ కంటే ఆయిల్ మార్చిన బిల్లులు ముఖ్యం.

మూడో దెబ్బ, 1970లు, 80లు. పోర్షా, సాబ్ లాంటి కంపెనీలు టర్బోని మామూలు రోడ్డు మీదికి తెచ్చాయి. జనం హైవే మీద దంచి వచ్చి, ఠక్కున ఇంజన్ ఆపేసేవాళ్లు. ఆయిల్ ప్రవాహం ఆగుతుంది, కానీ టర్బో ఇంకా నిప్పులా ఉంటుంది. లోపలి ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడి, దారులు మూసుకుపోయేవి. తర్వాత బేరింగ్ చుట్టూ కూలంట్ తిప్పే టర్బోలు వచ్చాయి. అయినా లాంగ్ డ్రైవ్ తర్వాత ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపడం మంచి అలవాటే.

మన రోడ్ల మీదికి

2007లో మారుతి స్విఫ్ట్‌లో ఫియట్ డిజైన్ చేసిన 1.3 లీటర్ టర్బో డీజిల్ వచ్చింది. అదే ఇంజన్ టాటా కార్లలోకి కూడా వెళ్లింది. టర్బో మధ్యతరగతి ఇంటి ముందుకొచ్చింది. 2020లో మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. అంటే ఇప్పుడు మీకు దొరికే మారుతి డీజిల్ ప్రతిదీ సెకండ్ హ్యాండే. ఎన్ని చేతులు మారిందో, ఎన్నేళ్లు ట్యాక్సీగా తిరిగిందో, ఆ టర్బోనే అడగాలి.

ఎలా అడగాలి?

ఒకటి, మీరు వెళ్లేసరికి ఇంజన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. పాటలు, ఏసీ ఆపేయండి.

రెండు, బండి కదలకుండా న్యూట్రల్‌లో రేస్ చేయండి. లోడ్ లేనప్పుడు టర్బో పెద్దగా పని చేయదు. అప్పుడు కూడా కూత గట్టిగా ఉంటే ఆల్టర్నేటర్, బెల్ట్ పుల్లీ, స్టీరింగ్ పంపు మీద అనుమానపడండి. యాక్సిలరేటర్ వదిలినా బండి స్పీడుతో పాటే శబ్దం వస్తుంటే గేర్‌బాక్స్ లేదా వీల్ బేరింగ్ చూడాలి.

మూడు, మూడో గేరులో ఎత్తు ఎక్కించండి. సన్నటి, నున్నటి ఈల అయితే కంగారు వద్దు. బుస్సుమని గాలి శబ్దం, నల్ల పొగ, పికప్ లేకపోవడం ఉంటే ఎక్కడో పైపు లీకు, చవగ్గా పోవచ్చు. సైరన్‌లా అరుస్తూ నీలం పొగ వస్తే మాత్రం బేరింగ్, సీలు పోతున్నట్టే.

నాలుగు, ఇంజన్ ఆపి చల్లారాక మెకానిక్‌తో గాలి పైపు తీయించండి. ఇరుసు పక్కకి కొంచెం కదలడం సహజం, ఆయిల్ పొరకి చోటు కావాలి కదా. ముందుకీ వెనక్కీ ఆడినా, రెక్కలు గోడకి రాసుకున్న గీతలున్నా, ఆ బండి వద్దు. ఎందుకంటే సీలు పూర్తిగా పోతే డీజిల్ ఇంజన్ తన ఆయిల్ తానే తాగి, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తి నాశనమైపోగలదు. రోడ్డు మీద అలా జరిగితే పోయేది డబ్బే కాకపోవచ్చు.

నా మాట ఒక్కటే. టర్బో మామూలుగా తనంతట తాను చావదు. గాలి, ఆయిల్, ఓపిక, ఈ మూడింట్లో ఒకటి అందకే చస్తుంది. పాత ఓనరు ఏది ఇవ్వలేదో ఆ కూత మీకు చెప్తుంది. సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, అడ్వాన్స్ ఇచ్చేలోపే ఈ ఎపిసోడ్ పంపించండి.