డాలస్ రేగడి మీద గరిక

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ప్లేనో, ఫ్రిస్కో పట్టణాల్లో ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన నేల తెలుగునాట రేగడి సాగుచేసే రైతులకు కొత్తగా తోచేది కాదు. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే ఈ బంకమట్టిని శాస్త్రజ్ఞులు దక్కను రేగడితో కలిపి వర్టిసాల్ అనే ఒకే వర్గంలో చేర్చారు.

ఆ నేలకు సారాన్నిచ్చినది గడ్డే. మనిషెత్తు పెరిగే బ్లూస్టెమ్ వంటి జాతుల వేళ్లు వేల సంవత్సరాలపాటు లోతున చివికి మట్టిని నల్లగా, గుల్లగా చేయగా, అడవిదున్నల మందలూ కార్చిచ్చులూ చెట్లను లేవనీయక ఆ బయళ్లను కాపాడాయి. అక్కడ వేటాడిన తెగల్లో కడో, విచిటా ప్రజలు ముఖ్యులు. టెక్సాస్‌లో వారికి కేటాయించిన రిజర్వేషన్ భూముల్లో మిగిలిన వారిని 1859లో నేటి ఓక్లహోమాకు తరలించారు. 1872లో డాలస్‌కు రైలు వచ్చాక పత్తి కోసం బయళ్లు దాదాపు అన్నీ నాగలి కిందికి వెళ్లాయి. పాత గడ్డినేలలో నేడు నూటికి ఒక వంతైనా మిగలలేదు. ఇంగ్లండు ప్రభువుల భవనాల ముందు పుట్టి, 1830లో ఎడ్విన్ బడ్డింగ్ కనిపెట్టిన గడ్డికోత యంత్రంతో సామాన్యులకూ అందిన పచ్చిక, రెండో ప్రపంచయుద్ధం తరువాత పత్తిచేలు ఇళ్ల స్థలాలుగా మారినప్పుడు ఈ నేలనూ చేరింది.

ఇల్లు కట్టేటప్పుడు సారవంతమైన పైమట్టిని తొలగించి, అడుగు బంకను యంత్రాలతో అణగదొక్కి, దానిపైనే పచ్చిక చాపలను, అంటే వేళ్లతో సహా పలుచగా కోసి చుట్టిన గడ్డిని, పరచడం తరచుగా జరుగుతుంది; వేరు దిగని ఆ గడ్డి మొదటి ఎండకే మాడిపోతే తప్పు బంకది కాదు. నేల పదును మీద ఉన్నప్పుడు మాత్రమే తవ్వి, చివికిన ఎరువును జానెడు లోతు వరకు కలిపి, వాన నీరు ఇంటి నుంచి బయటికి పారేలా వాలు తీర్చాలి. ఇసుక కలిపితే గుల్లబారుతుందనుకోవడం పొరపాటు. కొద్దిపాటి ఇసుక బంకతో కలిసి ఇటుకలా బిగుస్తుంది. జిప్సం చల్లినా ఫలితం ఉండదు; అది సోడియం మిక్కుటమైన చవుడు నేలలకే పనికివస్తుంది. బంకలోకి నీరు నిదానంగా ఇంకుతుంది గనుక, ఒకేసారి పారించక, కొంత పెట్టి, ఇంకిన తరువాత మళ్లీ పెట్టాలి. వేసవిలో నేల కుంచించుకుపోయి గోడలు బీటలు వారకుండా అక్కడివారు ఇంటి పునాది చుట్టూ కూడా తడి పెడతారు.

ఈ ఎండకు తట్టుకొనేందుకు ఎక్కువగా నాటేది బెర్ముడా గడ్డి. అది వినాయక చవితి పూజలో వాడేదీ, చేలల్లో రైతు పీకి పారవేసేదీ అయిన గరికే. జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ దీనికీ ఆఫ్రికా జాతికీ పుట్టిన సంకరాన్ని ఎంచి, 1960లో విడుదల చేసిన టిఫ్‌వే రకం విత్తు కట్టదు. చాపలుగానో కాడ ముక్కలుగానో నాటుకోవాలి. మెట్ట రైతులు మరింతగా స్మరించదగినది ఆయన మరో కృషి: ఆయన రూపొందించిన టిఫ్ట్ 23ఎ అనే సజ్జ వంగడమే 1965లో భారతదేశపు తొలి సంకర సజ్జ హెచ్‌బీ-1కు తల్లి అయింది.

గరికకైనా నీరు కావాలి. 2011 నాటి తీవ్రమైన కరువు తరువాత, 2013లో టెక్సాస్ శాసనసభ చేసిన చట్టం ప్రకారం, నీటిని పొదుపు చేసే పచ్చికనూ కరువును తట్టుకొనే మొక్కలనూ ఇంటి ముందు పెంచుకోవడాన్ని కాలనీ సంఘాలు నిషేధించరాదు. దానితో, ఆ బయళ్లలోనే పుట్టి తక్కువ నీటితో బతికే బఫెలో గడ్డిని నాటుకొనే హక్కు ఇంటివారికి దక్కింది.