గడ్డిచేపకి నచ్చని గడ్డి

చెరువు మీద గుర్రపుడెక్క పరుచుకుందంటే చాలు, మా వరంగల్లులో ఒక సలహా వినిపిస్తుంది. "గడ్డి తినే చేపలున్నయట గదా, నాలుగు బుట్టలు ఇడిచిపెడితే అయిపాయె!" అని. చెప్పేవాళ్ళకి తేలిక, వినేవాళ్ళకి హాయి. కూలి అడగని, సెలవు పెట్టని పనివాడు దొరికితే ఎవరికి చేదు? నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. చేపల శాస్త్రం నా వంతు కాదు. అయినా పనివాణ్ణి ఇంట్లో పెట్టుకునే ముందు వాడి ఊరూ పేరూ కనుక్కోవడం ఆడవాళ్ళకి అలవాటే కదూ! అలా కనుక్కున్న సంగతులే ఇవి.

గడ్డిచేప మనది కాదు. ఉత్తరాన అమూర్ నది మొదలు దక్షిణ చైనా దాకా పారే పెద్ద నదులు దాని పుట్టిల్లు. చైనాని తాంగ్ వంశం ఏలిన రోజుల్లో (618–907) రాజులుంగారి ఇంటిపేరు 'లీ'. మనం బంగారుతీగ అనే చేపకి అక్కడి పేరూ 'లీ'యే. రాజుగారి పేరున్న చేపని పులుసు పెట్టుకుంటే ఇంకేమన్నా ఉందా? పట్టకూడదన్నారట. దాంతో రైతులు గడ్డిచేప, వెండిచేప వగైరాలని ఒకే చెరువులో కలిపి పెంచడం నేర్చుకున్నారని చెప్పుకుంటారు. నిజమెంతో గాని కథ బాగుంది.

మన దేశానికి అది 1959లో హాంకాంగ్ నుంచి కటక్ పరిశోధన కేంద్రానికి వచ్చింది. వచ్చింది గాని, చెరువులో పిల్లల్ని పెట్టదే! దాని గుడ్లు పారే నీటిలో తేలుతూ పోతేనే పొదుగుతాయి. నిలవ నీటిలో అడుక్కి దిగి చచ్చిపోతాయి. అదృష్టవశాత్తూ అంతకు రెండేళ్ళ ముందే, 1957లో, హీరాలాల్ చౌధురి, అలికున్హి గార్లు ఒక ఉపాయం సాధించి ఉన్నారు. వేరే చేప తలలోని పిట్యూటరీ గ్రంథిని నూరి, ఆ రసం తల్లిచేపకి సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించడం. 1962లో ఆ విద్య గడ్డిచేప మీదా ఫలించింది. ఇవాళ మన చెరువుల్లో వేసే గడ్డిచేప పిల్లలు హేచరీలో సూదిమందుతో పుట్టినవే. నూరిన గ్రంథికి బదులు మందు సీసాల్లో వస్తోంది, అంతే తేడా.

ఇక దాని తిండి. దవడలకి పళ్ళుండవు. గొంతులో ఉంటాయి, దువ్వెన పళ్ళలాగా. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరుకీ 'గొంతులో దువ్వెన ఉన్నది' అనే అర్థం. ఆ దువ్వెనతో రోజుకి తన ఒంటి బరువంత ఆకు కూడా కోసి మింగగలదు. ఇంత చెప్పాక గుర్రపుడెక్క పని అయిపోయిందనుకుంటారు మీరు. నేనూ ఒక మత్స్యకారుణ్ణి అడిగాను. అతను నవ్వి, "తింటదమ్మా. గని మనం చూపించిన గడ్డి తినదు, దానికి రుచైన గడ్డి తింటది," అన్నాడు. శాస్త్రమూ ఆ మాటే అంటుంది. నీటి అడుగున జడలు జడలుగా పెరిగే హైడ్రిల్లా, పైన ఆవగింజల్లా తేలే లెమ్నా, అజొల్లా దానికి ప్రాణం. గుర్రపుడెక్క, అంతరతామర దాదాపు ముట్టదు. లేతగా, మెత్తగా ఉండాలి దొరసానికి!

గుర్రపుడెక్క కూడా పరాయిదే. దక్షిణ అమెరికా నుంచి పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఊదాపూల అందానికని బెంగాల్ చేరింది. నదుల్నీ పొలాల్నీ ఎంత కమ్మేసిందంటే, 1936లో దాన్ని అదుపు చెయ్యడానికని అక్కడ ఏకంగా ఒక చట్టమే చేశారు. పువ్వుని చూసి మోసపోయిన వాళ్ళ జాబితా చరిత్రలో పెద్దదే లెండి.

సరే, హైడ్రిల్లా చెరువుకైనా గడ్డిచేపే మందా అంటే, అక్కడా ఒక మెలిక ఉంది. తిన్నదాంట్లో సగం దానికి అరగదు, బయటికి పోతుంది. ఆ ఎరువుకి పుట్టే సన్నని నీటి జీవుల్ని తినే రవ్వా, బొచ్చె బలుస్తాయి. మత్స్యకారుడికి లాభమే. కాని చెరువు మాటేమిటి? గడ్డిలోని సారం ఎక్కడికీ పోలేదు, రూపం మార్చుకుని అక్కడే ఉంది. పైగా మన కొర్రమీను కలుపు మధ్యనే గూడు కట్టుకుని గుడ్లు పెడుతుంది. గడ్డిచేపల్ని మితిమీరి వదిలితే దాని పురుడింటికే ఎసరు.

అమెరికావాళ్ళు 1963లో ఇదే ఆశతో తెచ్చుకున్నారు. అక్కడి నదులు పొడుగైనవి, పారేవి. తప్పించుకున్న చేపలు మిసిసిపీలో సంసారం పెట్టాయి. ఆనక 1980లలో గొడ్డు చేపల్ని తయారుచేసుకోవాల్సి వచ్చింది.

జబ్బులంటారా, మొండిఘటమే గాని అన్నిటికీ కాదు. 1988లో మన దేశంలోకి వచ్చిన పుండ్ల జబ్బు కొర్రమీనుని కుళ్ళబొడిస్తే, గడ్డిచేపతో సహా చైనా చేపలు చాలావరకు తట్టుకున్నాయి. కాని దానికి సొంత శత్రువొకటి పుట్టింటి నుంచే ఉంది. పిల్ల వయసులో, వెచ్చని నీటిలో రక్తం చిమ్మించి చంపే వైరస్ అది. జబ్బు చేపల అవయవాల్నే నూరి, ఫార్మలిన్‌తో విషం విరిచి, టీకా చేసుకున్నారు చైనావాళ్ళు.

మరి గణపతిదేవుడి కాలం (1199–1262) నాటి పాఖాల, రామప్ప చెరువులు ఏ గడ్డిచేపా లేకుండా ఇన్నాళ్ళెలా బతికాయి? నాకు తోచేది ఒండ్రు సంగతి. మన పల్లెల్లో ఎండాకాలం చెరువు ఎండగానే బండ్లు కట్టి, పూడికమట్టి పొలాలకి తోలుకునేవాళ్ళు. కలుపుకి తిండి అయ్యే సారమంతా వరికీ జొన్నకీ తిండి అయ్యేది. ఆ అలవాటు సన్నగిల్లాక, 2015లో మిషన్ కాకతీయ పేరుతో ప్రభుత్వమే మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఊరి మధ్య భద్రకాళి చెరువుకైతే మట్టితోపాటు మురుగునీళ్ళూ చేరాయి. 2024 చివర్లో నీళ్ళు వదిలేసి పూడిక తియ్యడానికి పూనుకున్నారు.

మళ్ళీ నిండిన చెరువులో హైడ్రిల్లా తూముకి అడ్డం పడితే అప్పుడు కొన్ని గడ్డిచేపలు వదలొచ్చు. వేలెడంతవి కాదు, జానెడు దాటినవి. చిన్నవైతే కొర్రమీను ఒక్క పూటలో పలహారం చేసేస్తుంది.