ఎన్ని ముక్కలు? – చుక్కల, గీతల లెక్కకు ఒక చిన్న చరిత్ర

పండుగ సంచికకు చరిత్ర వ్యాసం అనగానే ఏ కాకతీయుల గురించో, రాయలవారి గురించో రాయడం ఆనవాయితీ. వృత్తిరీత్యా విద్యుత్ ఇంజనీరును గనక నేను మరో రకం చరిత్రను ఎన్నుకున్నాను. ఇందులో రాజులు లేరు, యుద్ధాలూ లేవు. ఉన్నదల్లా ఒక ప్రశ్న: "ఇదంతా ఒకటేనా, లేక ఎన్ని ముక్కలు?" చిన్నపిల్లలు అడిగే ప్రశ్నలా ఉంటుంది గాని, దీని వెనుక దాదాపు మూడు వందల ఏళ్ళ కథ ఉంది. అందులో ఒక అధ్యాయం మనం నిత్యం తిరిగే ఆక్లాండ్ సిటీ సెంటర్‌లోనే జరిగింది. ఇంకొకటి మన తెలుగునాటికి సంబంధించినది.

నాలుగు కేబుళ్ళు

1998 నాటికి ఆక్లాండ్ సిటీ సెంటర్‌కు ప్రధానంగా నాలుగు 110 కిలోవోల్టుల భూగర్భ కేబుళ్ళ ద్వారా కరెంటు వచ్చేది. రెండు మౌంట్ రాస్కిల్ నుంచి, రెండు పెన్‌రోజ్ నుంచి. మొదటి రెండూ సుమారు నలభై ఏళ్ళనాటివి, గ్యాస్ నింపినవి. తరువాతి రెండూ నూనె నింపినవి. ఆ వేసవి బాగా వేడిగా, పొడిగా గడిచింది. జనవరి 22న మౌంట్ రాస్కిల్ కేబుల్ ఒకటి పోయింది. ఫిబ్రవరి 9న రెండవదీ పోయింది. బరువంతా పెన్‌రోజ్ కేబుళ్ళ మీద పడింది. 19న ఒకటి, 20న మరొకటి అవీ చేతులెత్తేశాయి.

క్వీన్ స్ట్రీట్, దాని చుట్టుపక్కల వీధులు చీకటయ్యాయి. ఆ ప్రాంతంలో పనిచేసే 74,000 మందిలో సుమారు 60,000 మంది ఇళ్ళ నుంచో, వేరే చోట్ల నుంచో పని చేసుకోవలసి వచ్చింది. కొన్ని ఆఫీసుల పని ఆస్ట్రేలియాకు కూడా తరలింది. అపార్టుమెంట్లలో కాపురముంటున్న సుమారు 6,000 మందిలో అత్యధికులు వేరే నీడ వెతుక్కున్నారు. మిగిలిన చిన్నపాటి కేబుళ్ళు, డీజిల్ జనరేటర్లు కలిసి అత్యవసరాలకు మాత్రం సరిపోయాయి. చివరకు పెన్‌రోజ్ నుంచి రైలుమార్గం వెంబడి స్తంభాలు వేసి తాత్కాలికంగా ఒక పైలైను లాగారు. ఈ అవస్థ ఐదు వారాలు సాగింది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. పటంలో సిటీ సెంటర్ ఎక్కడికీ పోలేదు. పార్నెల్ పక్కనే ఉంది, పాన్సన్‌బీ పక్కనే ఉంది. కాని విద్యుత్ లెక్కలో అది దాదాపు ఒక దీవి అయిపోయింది. పటం చెప్పేది దూరం. తీగలు చెప్పేది సంబంధం. ఈ రెండింటినీ వేరుచేసి చూడడం మనిషి ఎప్పుడు నేర్చుకున్నాడన్నదే మన కథ.

వంతెనల నుంచి వలయాల దాకా

1735లో ఆయిలర్ అనే గణితవేత్త కోనిగ్స్‌బర్గ్ నగరపు ఏడు వంతెనల చిక్కుప్రశ్నను విప్పాడు. ప్రతి వంతెననూ ఒక్కసారే దాటి ఊరంతా తిరగడం సాధ్యమా అన్నది ప్రశ్న. సాధ్యం కాదని తేల్చాడు. తేల్చిన తీరు ముఖ్యం. ఆయన వంతెనల పొడవునూ, దీవుల ఆకారాన్నీ పక్కన పెట్టేశాడు. ఏ నేల ఏ నేలకు కలిసి ఉందో అంతే చూశాడు. నేటి పాఠ్యపుస్తకాల్లో ఆ నేలలను చుక్కలుగా, వంతెనలను గీతలుగా వేసి చూపిస్తారు. సంక్రాంతి చుక్కల ముగ్గు తెలిసిన మనకు ఈ భాష కొత్త కాదు. గణితంలో ఇలాంటి చుక్కల, గీతల బొమ్మనే గ్రాఫు అంటారు. బడిలో గళ్ళ కాగితం మీద గీసే గ్రాఫు వేరు, ఇది వేరు.

అదే కోనిగ్స్‌బర్గ్‌లో 1824లో పుట్టినవాడు కిర్కాఫ్. విద్యుత్ వలయాల సూత్రాలతో ఇంజనీరింగ్ విద్యార్థులందరికీ పరిచయమైన పేరు. 1847లో ఆయన ఒక లెక్క తేల్చాడు. ఒకే ముక్కగా ఉన్న వలయంలో గీతల సంఖ్యలోంచి చుక్కల సంఖ్య తీసివేసి, ఒకటి కలిపితే అందులో స్వతంత్రమైన చుట్లు ఎన్నో వస్తుంది. త్రిభుజం చూడండి: మూడు గీతలు, మూడు చుక్కలు, మూడులోంచి మూడు తీసి ఒకటి కలిపితే ఒక చుట్టు. ఆ కలిపిన "ఒకటి" ఎక్కడిది? అది ముక్కల సంఖ్య! బొమ్మ రెండు ముక్కలుగా ఉంటే రెండు కలపాలి. ఇక చుట్లు సున్నా అయితే ఏ ఒక్క గీత తెగినా ఏదో ఒక ముక్క రెండవుతుంది.

చేతితో వేసిన చిన్న బొమ్మలో ముక్కలు కంటికే కనిపిస్తాయి. లక్ష చుక్కలుంటే? ఏదో ఒక చుక్కకు రంగు వేయండి. దానికి కలిసినవాటికీ, వాటికి కలిసినవాటికీ వేసుకుంటూ పొండి. ఇక వేయడానికి ఏదీ మిగలకపోతే ఒక ముక్క పూర్తి. రంగు పడని చుక్క ఇంకా ఉంటే అక్కడ మళ్ళీ మొదలుపెట్టండి. ఎన్నిసార్లు మొదలుపెట్టారో అన్ని ముక్కలు. ఈ పని చుక్కలనూ గీతలనూ ఒక్కసారి చూసినంత సమయంలోనే పూర్తవుతుందని చూపిస్తూ, దీనికి చక్కని కంప్యూటరు రూపాన్ని హాప్‌క్రాఫ్ట్, టార్జాన్ 1973లో ప్రచురించారు. 1986లో వీరిద్దరికీ ట్యూరింగ్ బహుమతి వచ్చింది.

ఇంకో పద్ధతి 1964లో గాలర్, ఫిషర్ ఇచ్చినది. గీతలు ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నప్పుడు ఇది పనికొస్తుంది. దీన్ని తెలుగువాళ్ళకు చెప్పడం తేలిక. పెళ్ళిలో ఇద్దరు కొత్తవాళ్ళు కలిస్తే "మీరు ఎవరి తాలూకండీ?" అని మొదలుపెట్టి పైపైకి పోయి ఇద్దరి మూలపురుషులనూ పట్టుకుంటారు. మూలపురుషుడు ఒకడే అయితే ముందే ఒక ముక్కలో వాళ్ళు. వేరైతే, ఈ పెళ్ళితో రెండు ముక్కలు ఒకటైనట్లు. ముక్కల లెక్కలో ఒకటి తగ్గుతుంది.

అయిదు నుంచి ఒకటికి

ఈ తగ్గే లెక్క మన దేశపు విద్యుత్ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. భారతదేశంలో మొదట ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ, ఈశాన్య ప్రాంతాలకు అయిదు గ్రిడ్లు విడివిడిగా ఉండేవి. ఒక గ్రిడ్‌లోని జనరేటర్లన్నీ ఒకే లయలో తిరగాలి. కనుక ఒకే లయ ఉన్నదంతా ఒక ముక్క అనుకోవచ్చు. 1991లో తూర్పు, ఈశాన్యం కలిశాయి: నాలుగు. 2003లో పశ్చిమం చేరింది: మూడు. 2006లో ఉత్తరం చేరింది: రెండు. మిగిలినది మన దక్షిణం.

దక్షిణానికి బయటితో ఇచ్చిపుచ్చుకోవడం లేకపోలేదు. 1999లో విశాఖపట్నం గాజువాక దగ్గర ఒక కేంద్రం మొదలైంది. తూర్పు గ్రిడ్ నుంచి వచ్చే కరెంటును డీసీగా మార్చి, మళ్ళీ ఏసీగా చేసి దక్షిణానికి ఇచ్చే ఏర్పాటు అది. పెరటి గోడ మీదుగా పక్కింటివాళ్ళతో గిన్నెలు మార్చుకున్నట్లన్నమాట. సరుకు మారుతుంది గాని కాపురాలు కలవవు. న్యూజిలాండ్‌లోనూ ఇదే పద్ధతి. దక్షిణ దీవిలోని బెన్‌మోర్ నుంచి ఉత్తర దీవిలోని హేవర్డ్స్ దాకా కుక్ జలసంధి కింది నుంచి 1965లో వేసిన డీసీ లైను రెండు దీవుల మధ్య కరెంటు మోస్తుంది. లయలు మాత్రం దేనిది దానిదే.

2012 జులై 30న ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. మరునాడు ఉత్తరం, తూర్పు, ఈశాన్యం మూడూ పోయాయి. బీనా–గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను తెగడంతో మొదలైన ఈ ఉపద్రవంలో దాదాపు 60 కోట్లమంది నివసించే ప్రాంతం చీకటైంది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలకు ఆ దెబ్బ తగలలేదు. కారణం దక్షిణం వేరే ముక్క కావడమే. ఆ తర్వాత 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కిలోవోల్టుల లైను మొదలై దక్షిణం కూడా కలిసింది. లెక్క ఒకటికి వచ్చింది. కరెంటు కొరతతో ఉన్న దక్షిణానికి దూరప్రాంతాల కరెంటు రావడానికి దారి విశాలమైంది. దానితోపాటే దూరాన జరిగే ఒడిదుడుకుల్లో వాటా కూడా వచ్చింది. కలిస్తే లాభమా, విడిగా ఉంటే లాభమా అన్నదానికి ఒకే జవాబు లేదు. కలిసున్నామో లేదో తెలియకపోవడం మాత్రం ఎప్పుడూ నష్టమే.

బొమ్మ వేయడంలో తిప్పలు

ఇంతవరకూ లెక్కపెట్టడం గురించి. దాన్ని బొమ్మగా చూపించవలసి వచ్చినప్పుడు మరో కథ మొదలవుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ ఈడ్స్ 1984లో ఒక పద్ధతి చెప్పాడు. కలిసిన చుక్కలను స్ప్రింగు దగ్గరికి లాగుతుంది, కలవని చుక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అలా లాగుతూ తోస్తూ పోతే బొమ్మ చక్కగా కుదురుకుంటుంది. అయితే బొమ్మ రెండు ముక్కలుగా ఉంటే? వాటి మధ్య లాగే స్ప్రింగు లేదు, తోసే బలమే ఉంది. రెండూ కాగితం దాటి ఎటో పోతాయి. అందుచేత ముందు ముక్కలు విడదీసి, దేనికది వేసుకుని, ఆ తరువాత అన్నిటినీ ఒకే కాగితం మీద సర్దాలి. బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన గ్రాఫ్‌విజ్‌లో ఈ పనులకు రెండు వేర్వేరు సాధనాలున్నాయి. సీసీకాంప్స్ విడదీస్తుంది, జీవీప్యాక్ సర్దుతుంది.

సర్దడం తేలికేమీ కాదు. ఒక్కొక్క బొమ్మ చుట్టూ దీర్ఘచతురస్రం గీసి పేర్చితే చాలా జాగా వృథా అవుతుంది. 2001లో వియన్నాలో జరిగిన సదస్సులో ఫ్రైవాల్డ్స్, దోగ్రుసోజ్, కికుస్ట్స్ అనే ముగ్గురు మంచి ఉపాయం చెప్పారు. ప్రతి ముక్కనూ చిన్న చిన్న గళ్ళతో కప్పాలి. ఇలాంటి గళ్ళ ఆకారాలకు 1953లో గోలోంబ్ పాలియామినోలని పేరు పెట్టాడు. అన్నిటికన్నా పెద్దదాన్ని మధ్యలో పెట్టాలి. ఆపైన పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వరసగా, నడిమి నుంచి బయటికి వెతుక్కుంటూ, పట్టిన మొదటి ఖాళీలో పెట్టుకుంటూ పోవాలి. వంపు తిరిగిన బొమ్మ సందులో చిన్న బొమ్మ ఒదిగిపోతుంది. అన్నిటికన్నా ఉత్తమమైన సర్దుబాటును వెతకడం కంప్యూటరుకు కూడా మహా కష్టమని గణితం చెబుతోంది. అందుకే ఇలా "బాగానే ఉంది" అనిపించే పద్ధతులు. మన అమ్మలు, అమ్మమ్మలు వాకిట్లో పెద్ద ముగ్గు మధ్యన వేసి, మిగిలిన మూలల్లో చిన్న ముగ్గులు ఇరికించేది ఇదే పద్ధతిలో!

అయితే సర్దిన బొమ్మలో ఒక ప్రమాదం ఉంది. పక్కపక్కన ఉన్నవి బంధువుల్లా కనిపిస్తాయి. న్యూజిలాండ్ పటాల్లో సుమారు 800 కిలోమీటర్లు తూర్పున ఉన్న చాతమ్ దీవులను తెచ్చి ఒక మూల గడిలో పెడతారు. చుట్టూ ఆ గడి గీత ఉండబట్టి మనం మోసపోము. గడి లేని బొమ్మల్లో ఆ జాగ్రత్త మనమే తీసుకోవాలి. అందుకే విద్యుత్ కంట్రోల్ రూముల్లో గోడ మీది బొమ్మను చూసి ఊరుకోరు. స్విచ్చుల స్థితి మారినప్పుడల్లా ఏది దేనికి కలిసి ఉందో కంప్యూటరు మళ్ళీ లెక్క వేస్తూ ఉంటుంది.

ఆక్లాండ్ కూడా పాఠం నేర్చుకుంది. పెన్‌రోజ్ నుంచి సిటీ సెంటర్ దాకా సుమారు 9 కిలోమీటర్ల కేబుల్ సొరంగం 2001లో పూర్తయింది. 2014లో పూర్తయిన 220 కిలోవోల్టుల కేబుల్ పకురంగ నుంచి పెన్‌రోజ్, హాబ్సన్ స్ట్రీట్ మీదుగా, హార్బర్ బ్రిడ్జి దాటి ఉత్తరాన ఆల్బనీ దాకా పోతుంది. అంటే సిటీ సెంటర్‌కు ఇప్పుడు రెండు దిక్కుల నుంచీ దారి ఉంది. కిర్కాఫ్ భాషలో ఒక చుట్టు పెరిగింది.

మన విషయానికి వస్తే, ఊరుగాని ఊళ్ళో హాలు అద్దెకు తీసుకుని నాలుగు వందలమందిని పక్కపక్కన కూర్చోబెట్టడం సర్దడం మాత్రమే. కొత్తగా వచ్చిన కుటుంబానికి కష్టసుఖాల్లో ఫోను చేయడానికి కనీసం రెండు ఇళ్ళయినా ఉంటే అది కలవడం. ఒక ఇల్లు ఊళ్ళో లేకపోయినా రెండవది ఉంటుంది. కనుమ పండుగల్లో మన పల్లెల్లో రథం ముగ్గు వేసి, దాని తాడును పక్కింటి ముగ్గు దాకా లాగుతారు. అలా వీధి వీధంతా ఒక ముక్క అవుతుంది. ఈ పండుగ నాడు మనలో ప్రతి ఒక్కరూ ఇంతవరకు పరిచయం లేని ఒక ఇంటికి అలాంటి తాడు ఒకటి లాగాలని కోరుతూ, అందరికీ పండుగ శుభాకాంక్షలు.