చివరి ఓటు ఎవరిది? పశ్చిమ జర్మనీలో సహనిర్ణయం

కిందటి భాగంలో మీరు సమ్మె హక్కు గురించి చదివారు. సమ్మె యాజమాన్యపు నిర్ణయాన్ని అడ్డుకోగలదు గాని, నిర్ణయం జరిగే గదిలో కార్మికుడికి కుర్చీ వేయలేదు. ఆ కుర్చీ కోసం పశ్చిమ జర్మనీలో ఏం జరిగిందో ఇప్పుడు చూద్దాం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి రూర్ ప్రాంతపు బొగ్గు, ఉక్కు యజమానులకు పరువు మిగలలేదు. వారిలో పలువురు నాజీ పాలనకు అండగా నిలిచినవారే. 1947లో బ్రిటిష్ ఆక్రమిత మండలంలోని ఉక్కు సంస్థల పర్యవేక్షక మండళ్లలో కార్మికులకు సగం స్థానాలు దక్కాయి. కొత్త ప్రభుత్వం వాటిని తీసేస్తుందన్న భయంతో సంఘాలు సమ్మెకు సిద్ధపడ్డాయి. 1951 జనవరిలో చాన్సలర్ అడెనావర్, కార్మిక నాయకుడు హన్స్ బోక్లర్ చర్చించి రాజీకి వచ్చారు. ఆ ఏడాది వచ్చిన చట్టం ప్రకారం వెయ్యిమందికి పైగా పనిచేసే బొగ్గు, ఉక్కు సంస్థల మండలిలో సాధారణంగా 11 మంది ఉంటారు: వాటాదారుల వైపు ఐదుగురు, కార్మికుల వైపు ఐదుగురు, ఏ పక్షానికీ చెందని మరొకరు. ఆ చట్టాన్ని చూడకుండానే బోక్లర్ ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

1976లో రెండువేలమందికి పైబడిన ఇతర కంపెనీలకూ సగం స్థానాల నియమం వచ్చింది. అయితే ఒక మెలిక గమనించండి. ఓట్లు సమానంగా చీలితే అధ్యక్షుడికి రెండో ఓటు ఉంటుంది. అధ్యక్షుడు మామూలుగా వాటాదారుల మనిషే. అంటే లెక్కకు సగం సగం, తేల్చేటప్పుడు కాదు. అయినా ఆస్తి హక్కు పోతుందంటూ యజమానులు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లారు. 1979లో కోర్టు చట్టాన్ని సమర్థించింది. చివరి మాట వాటాదారులకే మిగిలిందన్నది అందుకు ఒక కారణం.

విశ్వవిద్యాలయాల్లోనూ ఇదే పేచీ నడిచింది. 1960ల విద్యార్థి ఉద్యమం ప్రొఫెసర్ల ఏకఛత్రాధిపత్యాన్ని ప్రశ్నించి, ప్రొఫెసర్లకు, సహాయక బోధకులకు, విద్యార్థులకు తలా మూడో వంతు ఓటు కోరింది. లోయర్ సాక్సనీ రాష్ట్రం 1971లో తెచ్చిన చట్టంపై వందలాది బోధకులు కోర్టుకెక్కారు. 1973 మే 29 నాటి తీర్పు అన్ని వర్గాల ప్రాతినిధ్యాన్ని ఒప్పుకుంది. కాని బోధన విషయాల్లో ప్రొఫెసర్లకు కనీసం సగం, పరిశోధనలోనూ నియామకాల్లోనూ సగానికి మించి ఓట్లు ఉండాలంది. ఫ్యాక్టరీలో ఆస్తి చేసిన పనిని ఇక్కడ పాండిత్యం చేసిందనడం తప్పు కాదు.

మన దేశంలోనూ 1976లోనే 42వ సవరణ ద్వారా యాజమాన్యంలో కార్మికుల భాగస్వామ్యం 43-ఎ అధికరణంగా రాజ్యాంగంలో చేరింది. అది ఆదేశిక సూత్రం. కోర్టు ద్వారా అమలు చేయించుకోలేం. మీకు దగ్గరలోని విశ్వవిద్యాలయ పాలక మండలి సభ్యుల జాబితా దొరికితే, అందులో బోధనేతర ఉద్యోగులు ఎందరున్నారో లెక్కపెట్టండి.